కోయకుండా లోపల చూసే విద్య: ఆసుపత్రి నుంచి రాకెట్టు దాకా

సంతలో కుండ కొనేటప్పుడు మన అమ్మలు వేలి కణుపుతో తట్టి, ఖంగుమని మోగితేనే తీసుకునేవారు. కంటికి కనిపించని పగులు చెవికి దొరికేది. వస్తువును పాడుచేయకుండా దాని లోపలి గుణం తెలుసుకోవడం మనకు కొత్త కాదు. ఆ విద్య సీటీ స్కాన్ దాకా ఎలా ఎదిగిందో, మన నాయుడుపేటకు పొరుగునే ఉన్న శ్రీహరికోటకు దానితో ఏమి పనో ఈ ప్రత్యేక సంచిక పాఠకులకు మనవి చేస్తున్నాను.

1895లో జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్‌కిరణాలను కనుగొన్నారు. అయితే ఎక్స్‌రే ఫిల్ములో ముందున్నదీ, వెనుకున్నదీ ఒకదానిమీద ఒకటి పడి నీడలా కనిపిస్తాయి. ఒకే వస్తువును చుట్టూ అనేక కోణాల నుంచి చూసి, ఆ లెక్కలన్నీ కలిపితే లోపలి అడ్డకోత చిత్రం గీయవచ్చునని 1917లోనే రాడన్ అనే గణితవేత్త సూత్రం చెప్పారు. కానీ అంత లెక్క చేయడానికి కంప్యూటర్ రావలసి వచ్చింది. ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు ఆ యంత్రాన్ని తయారుచేశారు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని ఒక ఆసుపత్రిలో మొదటిసారి రోగి తలను స్కాన్ చేశారు. ఇదే గణితంపై విడిగా కృషి చేసిన కోర్మాక్‌తో కలిసి ఆయన 1979లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఇక్కడొక విశేషం గమనించాలి. ఆ స్కాన్ జరిగిన ఎనిమిది రోజులకే, 1971 అక్టోబరు 9న, శ్రీహరికోట నుంచి తొలిసారిగా రోహిణి-125 రాకెట్టు ఎగిరింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఈ రెండు పనులూ తరువాత ఒకే ప్రశ్న దగ్గర కలుసుకున్నాయి: లోపల ఏముంది?

ఘన ఇంధన మోటారు చిచ్చుబుడ్డి వంటిది. అంటించాక ఆర్పడం ఎవరి తరమూ కాదు. లోపలి ఇంధనం ఎంత మేర మండాలో ముందే లెక్క కడతారు. అందులో పగులు ఉంటే మండే ఉపరితలం పెరిగి, ఒత్తిడి హద్దు మీరుతుంది. కవచానికి అంటి ఉండవలసిన పొర ఊడితే మంట నేరుగా కవచాన్ని తాకుతుంది. 1986 ఏప్రిల్ 18న అమెరికాలో టైటాన్ 34డి రాకెట్టు లేచిన పది సెకన్లలోపే పేలిపోయింది. మోటారులో లోపలి పొర ఊడడమే కారణమని తేల్చారు.

మన పీఎస్ఎల్‌వీ మొదటి దశ వ్యాసం 2.8 మీటర్లు. అందులో ఐదు విభాగాలు, దాదాపు 138 టన్నుల ఇంధనం. దాన్ని శ్రీహరికోటలోనే పోతపోస్తారు. ఛాతీ ఎక్స్‌రేకు లక్ష వోల్టుల స్థాయి చాలు. ఇంత మందం దాటడానికి అది ఏ మూలకూ రాదు. అందుకే లీనియర్ యాక్సిలరేటర్లతో ఎన్నో రెట్లు శక్తిగల ఎక్స్‌కిరణాలు పుట్టించి పరీక్షిస్తారు. హైదరాబాదులోని రక్షణ పరిశోధన ప్రయోగశాలల్లో క్షిపణి భాగాలను సీటీ పద్ధతిలోనే అడ్డకోతలుగా చూస్తారు. ఆసుపత్రిలో మనం పడుకుంటే యంత్రం తిరుగుతుంది. ఇక్కడ సాధారణంగా యంత్రం నిలిచి ఉంటే వస్తువు తిరుగుతుంది. ఊపిరి బిగపట్టవలసిన రోగి లేడు కనుక గంటలైనా తీరికగా చూడవచ్చు.

1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 విజయవంతమైనప్పుడు దేశమంతా శాస్త్రవేత్తలను కొనియాడింది. అది సబబే. అయితే ఫిల్ములను వెలుగుకు పట్టి, ఈ మచ్చ పగులా, గాలి బుడగా, ఉత్త నీడా అని తేల్చిన తనిఖీ ఉద్యోగుల పేర్లు పత్రికల్లో రాలేదు. "ఇది పనికిరాదు" అని సంతకం పెట్టాలంటే ధైర్యం కావాలి. వారిలో ఎందరో నేడు మనలాగే పెన్షనర్లు.

ఈసారి మిద్దె ఎక్కి మనవలకు ఆకాశంలో పొగచార చూపించేటప్పుడు వారి సంగతి కూడా ఒక్క మాట చెప్పండి.