తెప్ప - తెరచాప

మన అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని బొర్రా గుహలను తొలుచుకొని పల్లమునకు దిగి భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియుచున్నది. కొండమీద నుండు మనకు కడలితో పొత్తేమి యని యడుగువారికి ఈ యేరే సమాధానము. అది కడలి చేరుచోట ఇసుక దిబ్బలపై జాలరులు, ఓడబలిజలు తమ చేతులతో కట్టుకొని తరతరములుగా నడపిన చిన్ననావ తెప్ప. మహానౌకల చరిత్ర పుస్తకములలో పుష్కలముగ దొరకును. పెరటిలో కట్టిన తెప్ప చరిత్ర వెదకిన గాని దొరకదు. రజతోత్సవ సంచికలో దానికి నాలుగు పుటలు కేటాయించుట తగునని నా యభిప్రాయము.

పెద్దవాని మాట ముందు ముగించెదను. క్రీస్తు శకము రెండవ శతాబ్దిలో యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణెములపై రెండు కంబముల ఓడను ముద్రింపించెను. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించి, తుపానునకు చిక్కి ఒడ్డున పడిన ఓడలలోని సరకును రాజు అపహరింపడని దేశాంతర వర్తకులకు మాట యిచ్చెను. ఇవి అందరెరిగినవే.

తెప్ప వీనికంటె ప్రాచీనమని యూహింపవచ్చును. మొదటి శతాబ్దికి చెందిన పెరిప్లస్ అను గ్రీకు నావిక గ్రంథము తూర్పుతీరపు రేవులలో మ్రాకులను జోడించి కట్టిన పెద్ద పడవలను ‘సంగర’ యని పేర్కొన్నది. రెండు దోనెలను జతగూర్చి కట్టినదానిని మన తెలుగువారు సంగడి యందురు. ఈ రెండు మాటలకును చుట్టరికమున్నదని తోచును. సంగడికాడనగా చెలికాడు, జంట కట్టినవాడే స్నేహితుడనుట ఎంత చక్కని భావన! ఇక అమరసింహుడు తెప్పకు ఉడుపము, ప్లవము, కోలము అని మూడు పేర్లు చెప్పెను. ద్రోణియే మన దోనె యైనది. కాళిదాసు రఘువంశారంభమున తన సాహసమును, ఉడుపముతో సముద్రము దాటబూనుటతో పోల్చి, అది తెలివితక్కువ పనియని వినయముగ చెప్పుకొనెను. భీమిలి జాలరులు ఆ పనినే ప్రతిదినము వేకువజామున చేయుచుండిరని మహాకవి యెరిగియుండినచో మరియొక యుపమానము వెదకుకొనెడివాడేమో!

తెప్పకు వలయు కలప తేలికగా నుండవలెను. టేకు, మద్ది వంటి గట్టి కలప దీనికి పనికిరాదు. కొండవాలులలో ఏపుగా పెరుగు బూరుగు, మలబారు వేప మున్నగు మెత్తని మ్రాకులు తగినవి. మూడో నాలుగో, ఒక్కొక్కచో అంతకు మించియో దుంగలను దెచ్చి, బాడిసతో చెక్కి, ముందు కొనలు అలను చీల్చునట్లు పైకెత్తి తీర్తురు. ఇంటి ముంగిలియో, ఒడ్డున కొబ్బరిచెట్ల నీడయో దీనికి కర్మాగారము. మేకులు కొట్టరు. దుంగలను పక్కపక్కన పేర్చి, ముందొకచోట, వెనుకొకచోట పీచుమోకుతో బిగించి కట్టుదురు. అరవమున కట్టుమరమనగా కట్టిన మ్రాను. ఆంగ్లేయులు ఆ మాటనే తమ నోట మలచుకొని లోకమంతట వ్యాపింపజేసిరి.

మేకు లేకపోవుటలోనే యున్నది మర్మమంతయు. అల వచ్చి మీదపడినపుడు మామూలు పడవలో నీరు నిలుచును, తోడిపోయవలెను. తెప్పలో నీరు దుంగల సందులనుండి తనకుతానే జారిపోవును. మునుగుటకు దానికి కడుపే లేదు. కాని దుంగ రోజంతయు నీరు పీల్చి బరువెక్కును. అందుచేత ఒడ్డు చేరగనే కట్టు విప్పి, దుంగలను విడదీసి, మోసికొనిపోయి ఎండనిత్తురు. మరునాడు మరల కట్టుదురు. అనగా ఈ నావను నిర్మించుట ఒకనాటితో ముగియు పని కాదు. తండ్రి కట్టుచుండగా మోకు కొన పట్టుకొని నిలిచిన పిల్లవాడు నెలకు ముప్పదిమార్లు ఆ పాఠము చదువుకొనును. అట్టి పాఠశాల మరి యే వృత్తిలోను లేదు.

తెరచాప సంగతి వేరు. గుడ్డను ముక్కోణముగ కుట్టి, వలలవలెనే చెట్టు బెరడు కషాయమున నానవేసి, చీకిపోకుండ గట్టిపరతురు. కంబమును దుంగలో తొలిచిన గుంటలో నిలిపి, చాపను ఏటవాలు కొయ్యకు తగిలింతురు. తెప్పకు అడుగున వెన్నుకొయ్య లేదు గనుక పక్కగాలికి అడ్డముగ జారిపోవును. దానిని నిలువరించుటకు ప్రక్కన ఒక పలకను నీటిలోనికి దింపుదురు. వెనుక పొడవైన తెడ్డే చుక్కాని. గాలి మందగించినపుడు చాపపై నీళ్లు చల్లుట కలదు. తడిసిన నేత బిగిసి గాలిని జారనీయదు.

గాలి లెక్క తెలియనిచో ఈ పరికరములన్నియు వృథా. రాత్రి నేల త్వరగా చల్లారును, కడలి నిదానముగ చల్లారును. కావున తెల్లవారుజామున గాలి గట్టునుండి సముద్రమువైపు వీచి తెప్పను లోనికి తీసికొనిపోవును. మధ్యాహ్నమునకు నేల వేడెక్కి గాలి దిశ మారి, అదే తెప్పను ఇంటికి చేర్చును. కూలి లేని ఎద్దులు రెండు వంతులవారీగ బండి లాగినట్లు! నైరుతి పవనముల కాలమున ఈ లెక్క తప్పుచుండును. అప్పుడు అనుభవమే దిక్కు.

మాసూలా పడవను గూర్చి ఒక్కమాట. దాని పలకలను గూడ మేకులతో గాక కొబ్బరిపీచుతో కుట్టుదురు. భోజుని పేర వెలసిన యుక్తికల్పతరువు సముద్రనౌకకు ఇనుము వాడరాదని, వాడినచో అయస్కాంత శిలలు లాగివేయునని చెప్పుచున్నది. విధి మంచిదే, కారణము మాత్రము నాకు రుచింపదు. కుట్టిన పలక అల దెబ్బకు వంగును, మేకు కొట్టినది విరుగును. ఇంతకు మించి రహస్యము లేదు.

విశాఖపట్టణమున 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదు నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. అచట తయారైన జలఉషను 1948 మార్చి 14న నెహ్రూ పండితుడు నీటికి వదలిరి. ఆ తారీఖులు మనకు పదిలముగ నున్నవి. ఆ కర్మాగారమునకు కూతవేటు దూరములో తెప్ప కట్టినవారి ముడులకు మాత్రము తారీఖు లేదు, వ్రాత లేదు. ఏ ముడి ముందు వేయవలెను, ఏది చివర వేయవలెను అనునది వారి వేళ్లలోనే యున్నది. 1980 దశకమునుండి ఫైబరు పడవలు, ఇంజనులు తీరమున విస్తరించినవి. వానిని నిందింపను, బరువైన దుంగలు మోసి నడుము వంగినవారికి అవి వరమే. కాని ఆ వేళ్లు కదలుట మానినకొలది ఆ విద్యయు మాయమగుచున్నది. నేడు ఉత్తరాంధ్ర తీరమున ఫైబరు తెప్పలు తిరుగుచున్నవి. ఆకారము పాతదే, పేరు పాతదే. కట్టు విప్పవలసిన పని లేదు, ఎండవేయవలసిన దుంగ లేదు, మోకు కొన పట్టుకొనుటకు పిల్లవానిని పిలువవలసిన యవసరమును లేదు.