నట్టింట వెలసిన గణకయంత్రము

కంప్యూటరు పుట్టిల్లు ఏదని యడిగినచో పలువురు అమెరికా విశ్వవిద్యాలయములనో, ఇంగ్లండులోని యుద్ధకాలపు రహస్యశాలలనో చెప్పుదురు. ఆ సమాధానములను తప్పనలేము. కాని మేము నేడు స్మరింపదలచిన యంత్రము నిజముగనే ఒక యింటిలో పుట్టినది. బెర్లిను నగరమున ఒక తపాలాశాఖ ఉద్యోగియు, ఆయన భార్యయు తమ నట్టిల్లు ఖాళీచేసి కుమారున కిచ్చిరి. ఆ కుమారుడు కోన్రాడ్ త్సూజే.

ఇతడు 1910 జూను 22న జన్మించెను. చదివినది కట్టడముల నిర్మాణమునకు సంబంధించిన ఇంజనీరింగు. 1935లో పట్టము పొంది హెన్షెల్ విమాన కర్మాగారమున చేరెను. ఆ వృత్తిలో ఒకే విధమైన లెక్కను మరల మరల గుణించుచు, కూడుచు, నడుమ వచ్చిన ఫలితములను కాగితముపై వ్రాసికొనుచు పోవలెను. ఈ చాకిరి మనుష్యులు చేయదగినది కాదని అతనికి తోచెను. లెక్కలు చేయ బద్ధకించియే యంత్రమును కనిపెట్టితినని తరువాతి కాలమున హాస్యమాడెడివాడట. బద్ధకస్థు లందఱును ఇట్టివారే యైనచో లోకమున కెంత మేలు!

1936లో అతడు కొలువు విడిచి ఇంట కూర్చుండెను. చదివించిన కొడుకు జీతము మాని రేకులు కోయుచు కూర్చున్నచో తల్లిదండ్రుల మనసెట్లుండునో గృహస్థులకు మేము చెప్పనక్కఱలేదు. అయినను వారు ధనమిచ్చిరి. సోదరియు ఇచ్చెను. మిత్రులలో కొందఱు సొమ్మును, కొందఱు శ్రమను ఇచ్చిరి. పలుచని లోహపు రేకులను చిన్న రంపముతో వేలకొలది కోసి, 1938 నాటికి గదినిండ ఒక యంత్రమును నిలిపిరి. దానికి జెడ్-1 అని పేరు. రేకులు తఱచు బిగుసుకొని యంత్రము ఆగిపోయెడిది. కాని దాని సూత్రము సరియైనదే. పది అంకెలకు బదులు సున్న, ఒకటి అను రెండే గుర్తులతో సకల గణనమును సాధింపవచ్చునని అతడు నమ్మెను. రేకు ఇటు జరిగిన సున్న, అటు జరిగిన ఒకటి. అంతియే.

హెల్ముట్ ష్రాయర్ అను మిత్రుడు రేకులకు బదులు వాల్వులు వాడుమనెను. మన పాత రేడియో పెట్టెలలో వెచ్చగా వెలిగిన వాల్వులవంటివే అవి. త్సూజేకు అది తొలుత వేళాకోళముగా తోచెను. చివరకతడు టెలిఫోను కేంద్రములలో వాడు రిలేలను ఎన్నుకొనెను. 1941 మే 12న జెడ్-3 అను యంత్రమును నిపుణులకు చూపెను. రెండువేలకు పైగా రిలేలు. 64 సంఖ్యలు పట్టు జ్ఞాపకశాల. ఆజ్ఞలు రంధ్రములుగా గ్రుచ్చిన సినిమా ఫిలిము ముక్క. ఒక గుణకారమునకు మూడు సెకనులు పట్టెడిది. ఆజ్ఞావళి ననుసరించి తనంత తాను లెక్కించి, పనిచేసిన తొలి కంప్యూటరు ఇదియేయని నేడు పెక్కుమంది చరిత్రకారులు అంగీకరింతురు. 1943లో అది బాంబులపాలయ్యెను.

ఇచట ఒక మాట దాచరాదు. యుద్ధకాలమున త్సూజే మరల హెన్షెల్ సంస్థకు పనిచేసెను. విమానముల నుండి విడిచెడి రెక్కల బాంబుల కొఱకు లెక్కించు యంత్రములను కూడ అతడే నిర్మించెను. బాంబులకు తన యంత్రమును పోగొట్టుకొన్నవాడే బాంబులకు లెక్కలు కట్టెను. గృహమునెడ అతనికి గల మమకారము ఈ నీడను చెరపజాలదు.

1945 జనవరిలో అతడు గిసేలాను వివాహమాడెను. కొలది నెలలలోనే నూతన దంపతులు జెడ్-4 అను యంత్రముతో కూడ బెర్లిను విడిచిరి. ఆ యంత్రము తొలి పేరు వి-4. అది వి-2 వంటి రహస్యాయుధ మేమోయని అధికారులు భ్రమపడుటచే వాహనము దొరకినదట! దక్షిణమున ఆల్ప్సు పర్వతముల నడుమ ఒక పల్లెలో దానిని మరుగుపఱచిరి. యుద్ధము ముగిసెను, పనిలేదు, సొమ్ములేదు. త్సూజే చెక్కపై బొమ్మలు చెక్కి, అచ్చువేసి అమ్మెను. తీరిక వేళల యంత్రమునకు ఆజ్ఞ లిచ్చుటకై ‘ప్లాన్‌కాల్క్యూల్’ అను ఒక భాషను రచించెను. అది సమగ్రముగ ముద్రణ మగుటకు 1972 వఱకు ఆగవలసివచ్చెను.

1950లో జెడ్-4 జ్యూరిక్ నగరమందలి సాంకేతిక విశ్వవిద్యాలయమునకు అద్దెకు పోయెను. ఆపై త్సూజే సంస్థ రమారమి 250 యంత్రములను నిర్మించెను. కాని 1960వ దశకమున సంస్థ అతని చేజారెను. 1941 నాటి పేటెంటు దరఖాస్తును 1967లో న్యాయస్థానము తిరస్కరించెను. అందు పేటెంటునకు తగినంత నూతన కల్పన లేదట! ఇరువదియాఱేండ్లు నిరీక్షించినవానికి ఇంతకన్న కటువైన మాట ఏమి యుండును?

ఐదుగురు బిడ్డల తండ్రియైన త్సూజే వృద్ధాప్యమున చిత్రములు వేసెను. 1989 నాటికి జెడ్-1ను మరల నిర్మించి బెర్లిను ప్రదర్శనశాలలో నిలిపెను. 1995 డిసెంబరు 18న మరణించెను. అతని శతజయంతి సంవత్సరమగు 2010లో జెడ్-3ను పునర్నిర్మించినది పెద్దకొడుకు హార్స్ట్. జెడ్-4 కొండపల్లెలో దాగియున్న దినములలో, 1945 నవంబరున, పుట్టిన బిడ్డ ఇతడే.