రంగము రేవులో తెలుగు కూలి: వలస నియంత్రణ వాదముల చరిత్ర

జంషెడ్‌పూరులో గోల్మురి వద్దనున్న తగరపు రేకుల కర్మాగారము 1920లో స్థాపింపబడినప్పుడు దానికి భాగస్వాములు ఇద్దరు. ఒకరు టాటా ఇనుము ఉక్కు కంపెనీవారు, రెండవవారు బర్మా ఆయిల్ కంపెనీవారు. కిరసనాయిలు నింపి అమ్ముటకు డబ్బాలు కావలెను, డబ్బాలకు రేకులు కావలెను, రేకులకు ఉక్కు కావలెను. తెలుగు ఇండ్లలో ఒక తరమువారు నూనె అయిపోయిన పిమ్మట నీళ్లు తోడుటకును, బియ్యము పోసికొనుటకును వాడుకొనిన ఆ చదరపు డబ్బా వెనుక ఇంత కథ కలదు. అయితే జంషెడ్‌పూరునకును బర్మాకును గల చుట్టరికము డబ్బాతో ముగియలేదు. గంజాము, విశాఖపట్టణము జిల్లాల కూలివాడు ఈ రెండు చోట్లకును పోయెను.

1907లో టాటా కంపెనీ ఏర్పడి సాక్చి వద్ద పని ప్రారంభించిన పిమ్మట బెంగాల్ నాగపూర్ రైలుమార్గమున కాళీమాటి స్టేషనుకు వచ్చి దిగినవారిలో తెలుగువారు పలువురు. 1912లో ఇచ్చట మొదటి ఉక్కు తయారయ్యెను. 1919లో ఊరు జంషెడ్‌పూరు అయ్యెను, స్టేషను టాటానగరమయ్యెను. పల్లెవారి నోట మాత్రము అది “టాటా”యే. అట్లే సముద్రమునకు ఆవలనున్న రంగూను వారికి “రంగము”. ఒకే ఇంట అన్న టాటాకును, తమ్ముడు రంగమునకును పోవుట ఆ పల్లెలలో వింత కాదు. ఇరువురును ఒకే ప్రభుత్వము క్రింద ఒక చోటినుండి మరియొక చోటికి పోయినవారే, ఏలయన 1937 ఏప్రిల్ 1వ తేదీవరకు బర్మా భారతదేశములో ఒక రాష్ట్రము. ఆ తేదీ తరువాత అన్న స్వదేశమున నుండెను, తమ్ముడు పరదేశి అయ్యెను. పరదేశి రాకను ఎట్లు తగ్గింపవలెనని అచ్చట జరిగిన వాదము తెలుగువారి చరిత్రలో ఒక ముఖ్య ఘట్టము. అయినను ఆ వాదమునందు తెలుగు కూలి మాట వినిపించిన సందర్భములు బహు స్వల్పము.

తెలుగువారు బర్మాకు పోవుట ఇంగ్లీషువారితో మొదలైనది కాదు. కాకినాడ చేరువనున్న కోరంగి ఓడలు బంగాళాఖాతమున తిరిగినందున బర్మాలో తెలుగువారికందరకు “కొరంగీలు” అని పేరు వచ్చెను. 1839 నాటి తుపానులో కోరంగి రేవు నాశనమయ్యెను గాని పేరు నిలిచెను. దక్షిణ బర్మాలోని మోనులను బర్మీయులు “తలైంగు”లని పిలుచుటకు త్రిలింగ శబ్దమే మూలమని ఆర్థర్ ఫేయరు వంటివారు ఊహించిరి. ఈ ఊహను తరువాతి పండితులు పలువురు అంగీకరింపలేదు. సావనీర్లలో తరచు కనిపించు మాట గనుక ఇచ్చట చెప్పవలసివచ్చెను.

1852 యుద్ధము తరువాత దిగువ బర్మా ఇంగ్లీషువారి వశమై, ఐరావతీ ముఖద్వార భూములు వరిపొలములుగా మారసాగినప్పటినుండి వలస పెరిగెను. వరికోతకు, బియ్యపు మిల్లులకు, రేవులో బస్తాలు మోయుటకు, రిక్షాలు లాగుటకు, వీధులు ఊడ్చుటకు మనుష్యులు కావలసివచ్చిరి. గోపాలపురము, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులలో కూలీలు స్టీమరెక్కి, డెక్కుమీదనే పండుకొని కొలది దినములలో రంగూను చేరెడివారు. 1931 జనాభా లెక్కలలో బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైబడియుండిరి. రంగూను నగరమున నూటికి 53మంది భారతీయులే. తెలుగు మాతృభాషగాగలవారు లక్షన్నర దాటిరి.

వీరిని తీసికొనిపోయినది ఎవరు? స్టీమరు కంపెనీ చౌక టిక్కెట్టు కొంత కారణము, పల్లెలోని కరవు కొంత కారణము. కాని అసలు సూత్రధారి మేస్త్రి. అతడు పల్లెకు వచ్చి, పెండ్లికో అప్పు తీర్చుటకో అడ్వాన్సు ఇచ్చి, టిక్కెట్టు కొని, మనిషిని ఓడ ఎక్కించెడివాడు. రంగూనులో దిగిన క్షణమునుండి ఆ మనిషి అతని క్రిందివాడు. మిల్లుయజమాని గాని, ఓడల సరకు దింపు కంపెనీ గాని కూలితో నేరుగ లెక్క పెట్టుకొనలేదు. జీతము మేస్త్రి చేతికి పోయెను. అతడు అడ్వాన్సును, బసను, తన పాలును మినహాయించుకొని మిగిలినది ఇచ్చెను. బస యనగా ఒక గదిలో కిక్కిరిసిన మనుష్యులు, వంతులవారీగ నిద్ర. 1929లో నియమింపబడిన రాయల్ లేబరు కమిషను, 1933లో “ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్” అను గ్రంథమును ప్రకటించిన ఆండ్రూ, ఈ మేస్త్రి విధానమును విస్తారముగ పరిశీలించిరి. చదివినవారు లేకపోలేదు. చదివి దానిని మాన్పించినవారు కనబడరు.

బర్మీయుల కోపమునకు ఆధారము లేదనుట అన్యాయము. 1930లో ధాన్యము ధర పడిపోయెను. అప్పులపాలైన రైతుల భూములు చెట్టియార్లకు పోయెను. ఆ దశాబ్దము ముగియులోపల దిగువ బర్మాలోని ప్రధాన వరి జిల్లాలలో నాలుగవ వంతు భూమి వారి వశమయ్యెను. భూమి పోయిన బర్మీయుడు పని వెదకుచు రంగూను వచ్చి, అచ్చట ప్రతి పనియందును మరియొకని చూచెను. భూమిని పట్టినవాడు వేరు, బస్తా మోసినవాడు వేరు. అయినను ఇరువురకును బర్మా భాషలో “కలా” అను ఒకే పేరు. చెట్టియారు మేడలో నుండెను, కొరంగీ వీధిలో నుండెను. దెబ్బ వీధిలోనివానికే తగిలెను.

1930 మే 5వ తేదీన పెగూ భూకంపము రంగూనును కదిలించెను. ఆ నెలలోనే రేవులోని తెలుగు కూలీలు కూలి పెంపు కోరుచు సమ్మె చేసిరి. ఓడల కంపెనీలు బర్మీయులను పనిలో పెట్టుకొనెను. కొన్నాళ్లకు రాజీ కుదిరి, 26వ తేదీన పాతవారు పనికి వచ్చిరి, క్రొత్తవారిని పొమ్మనిరి. కుటుంబములతో, అన్నపు మూటలతో వచ్చిన బర్మీయులకు ఆ ఉదయము చెప్పిన సమాధానమది. చూచి నవ్వినవారును ఉండిరట. క్షణములో కొట్లాట మొదలై నగరమంతయు ప్రాకెను. నూరుమందికి పైగ మరణించిరి, తొమ్మిదివందలమంది వరకు గాయపడిరి. అందు అధికులు తెలుగువారు. సమ్మెను విరుచుటకు మరియొక జాతివారిని పిలిచినవారికిని, పని తీరగనే వెళ్లగొట్టినవారికిని ఏ గాయమును తగులలేదు.

దీనికి ఏడాది ముందు, 1929లో, గోల్మురి తగరపు రేకుల కర్మాగారమునందును దీర్ఘమైన సమ్మె జరిగెను. యాజమాన్యము క్రొత్తవారిని చేర్చుకొని పని నడిపించుకొనెను. కష్టము, ఆకలి, ఓటమి అన్నియు ఇచ్చటను కలవు. కాని ఇచ్చట ఆ తగవు కూలికిని కంపెనీకిని మధ్య తగవుగనే నిలిచెను. రంగూనులో అదియే స్వదేశి పరదేశి తగవయ్యెను.

వలసను తగ్గింపవలెనన్న వాదము అంతకు ముందే కలదు. 1925లో ఓడ ప్రయాణికులపై పన్ను వేయు ప్రతిపాదన బర్మా శాసనమండలి ముందుకు వచ్చెను. 1926లో, నేరము చేసిన పరాయివారిని వెడలగొట్టు చట్టమొకటి వచ్చెను. 1930 తరువాత వాదము ముదిరెను. రేవుద్వారమున పాస్‌పోర్టు చూడవలెనని కొందరు, రుసుము పెంచిన పేదవారు తామే రారని కొందరు, ఏడాదికి ఇంతమందియని పరిమితి పెట్టవలెనని కొందరు చెప్పిరి. చదువు పరీక్ష పెట్టవలెనన్న మాటయు వచ్చెను. ఈ చదువు పరీక్ష బర్మాలో పుట్టినది కాదు. 1897లో నాటాలు వలసరాజ్యము భారతీయులను ఆపుటకు దీనిని చట్టము చేసెను. 1901లో ఆస్ట్రేలియా, 1917లో అమెరికా తమతమ రీతులలో దీనిని స్వీకరించెను. జాతి పేరు ఎత్తక జాతిని ఆపుటకు ఇది అనుకూలమైన ఉపాయము.

ఈ ప్రతిపాదనలన్నియు ద్వారమును గురించినవే. మేస్త్రి అడ్వాన్సును నిషేధించి, మిల్లులును రేవు కంపెనీలును కూలిని నేరుగ నియమించి, బర్మీయునికిని అదే కూలి ఇచ్చినయెడల వలస దానంతట అది తగ్గునన్న ఆలోచన అచ్చటచ్చట కనిపించును గాని దానికి బలము చేకూరలేదు. కారణము వెదకుట కష్టము కాదు. ద్వారము మూసిన నష్టము కూలికి. మేస్త్రి పద్ధతి మాన్పించిన నష్టము చౌక కూలితో లాభపడు కంపెనీలకు.

1937లో విభజన జరిగినప్పుడు మూడేండ్లవరకు రాకపోకలను ఉన్నవి ఉన్నట్లే సాగనీయవలెనని ఏర్పాటు చేసిరి. 1938 జులైలో మరల అల్లర్లు చెలరేగెను. విచారణ సంఘము వలస ప్రశ్నను పరిశీలింపవలెనని చెప్పగా, ఆర్థిక సలహాదారు జేమ్స్ బాక్‌స్టరును 1939లో నియమించిరి. ఆయనకు సహాయకులు ఇద్దరు: బర్మా ఉన్నతోద్యోగి యు టిన్ టుట్, భారతీయుల పక్షమున రతిలాల్ దేశాయి. రేవు కూలీల పక్షమున ఎవరును లేరు.

బాక్‌స్టరు నివేదిక ఆనాటి ఆవేశముల నడుమ నిదానముగ వ్రాసిన పత్రము. అంతవరకు వాదించినవారు ఓడ దిగినవారిని లెక్కించిరి. ఆయన ఓడ ఎక్కి పోయినవారినిగూడ లెక్కించెను. వరి పంట కాలమునకు వచ్చి, పని ముగిసిన పిమ్మట మరలిపోవువారే పెక్కుమంది. 1930 కల్లోలమును ఆర్థికమాంద్యమును కలిసిన నాళ్లలో వచ్చినవారికంటె పోయినవారే ఎక్కువ. భారతీయుడు బర్మీయుని పనిని లాగికొనెనని చెప్పుటకు తగిన ఆధారము లేదనియు, ఇతడు ఆ పనికి తోడైనవాడే గాని పోటీ కాడనియు ఆయన తేల్చెను. అయినను రాకపోకలను ఉభయ ప్రభుత్వముల ఒడంబడికచే క్రమపరుపవలెనని సిఫారసు చేసెను. సిఫారసు అందరకు గుర్తుండెను. లెక్క ఎవరికిని అక్కరకు రాలేదు.

1941 జులైలో ఒడంబడిక కుదిరెను. భారతదేశ పక్షమున గిరిజాశంకర్ బాజ్‌పాయి, బర్మా పక్షమున ప్రధాని యు సా. మోటుపని కూలీల రాక నిలిచిపోవలెను. తక్కినవారు ఏ, బీ అను రెండు విధముల పర్మిట్లతో రావలెను. స్థిరముగ ఉండుటకైన ఏ పర్మిట్టుకు రుసుము 500 రూపాయలు. అది రేవుకూలి జీవితకాలమున ఒక్కసారిగ కంట చూడని మొత్తము. 1932 జులైనుండి 1941 జులైవరకు గల కాలమున ఏడేండ్లు బర్మాలో ఉన్నట్లు రుజువు చూపినవారికి విశేష హక్కులు కలవు. బర్మా స్త్రీతో కాపురముండుట పర్మిట్టు రద్దుకు కారణము కావచ్చునన్న నిబంధనయు అందుండెను. భారతదేశమున పత్రికలును, కేంద్ర శాసనసభలోని సభ్యులును నిరసించిరి. గాంధీజీయు ఈ ఒడంబడికను ఖండించెను.

1932 అను సంఖ్య జంషెడ్‌పూరు చదువరికి క్రొత్త కాదు. 2022లో ఝార్ఖండు శాసనసభ 1932 నాటి ఖతియాను ఆధారముగ స్థానికతను నిర్ణయించు బిల్లును ఆమోదించెను. తమ ప్రాంతమున భూసర్వే తరువాత జరిగినదని కోల్హాను నాయకులు కొందరు అభ్యంతరపడిరి. పోలిక అంతవరకే. దేశమునందెచ్చటనైనను నివసించు హక్కును రాజ్యాంగము 19వ అధికరణము పౌరునికి ఇచ్చినది గనుక, కదమాలోని తెలుగు కుటుంబమును పర్మిట్టు చూపుమని అడుగువారు లేరు. రంగములోని తమ్మునికి అటువంటి రక్షణ లేదు.

ఒడంబడిక నిలదొక్కుకొనకముందే యుద్ధము వచ్చెను. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. రేవుకూలీలు పెక్కుమంది మడిసిరి, మిగిలినవారు ప్రోము దారిని పట్టిరి. అప్పుడొక విచిత్రము జరిగెను. కొన్ని నెలలకు ముందు కూలి రాకను నిషేధించిన ప్రభుత్వమే, ఇప్పుడు ఓడల సరకు దింపువారు లేరని, పారిపోవు కూలిని వెనుకకు మరలించుటకు ప్రయత్నించెను. కొందరు నమ్మి తిరిగివచ్చిరి. 1942 మార్చిలో రంగూను పడిపోవు నాటికి ఓడలు లేవు. అరకాను కొండలమీదుగను, తామూ దారిని మణిపురమునకును, హుకాంగు లోయగుండను నాలుగైదు లక్షలమంది నడచి వచ్చిరి. కలరా, మలేరియా, ఆకలిచే పదులవేలమంది దారిలోనే పోయిరి. ప్రాణముతో తీరము చేరినవారిని యుద్ధము అచ్చటను వదలలేదు. ఏప్రిల్ 6న విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసెను.

యుద్ధము ముగిసిన పిమ్మట తిరిగి పోదలచినవారికి 1947లో బర్మా ప్రభుత్వము చేసిన వలస చట్టము అడ్డువచ్చెను. ఇరువదేండ్లు రంగములో బ్రతికి, ప్రాణభయమున నడచివచ్చి, తన సామాను కొరకో బాకీ కొరకో మరల పోవువాడు చేతిలో కాగితము లేనియెడల ఇప్పుడు అక్రమ ప్రవేశకుడు. అతడు మారలేదు, ఓడ మారలేదు, చట్టము మారెను. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయ్యెను, ఆ యేడే పౌరసత్వ చట్టము వచ్చెను. అక్షరము రాని కూలికి దరఖాస్తు సంగతియే తెలియలేదు. తెలిసినవారిలోను కొందరు, నేడో రేపో ఊరికి పోదుమను ఆశతో పెట్టుకొనలేదు.

1962లో నెవిన్ సేనాని అధికారము చేపట్టెను. 1964 మార్చిలో దుకాణములు జాతీయము చేయబడెను; మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవనిరి. ఆ సంవత్సరమునుండి ఓడలు విశాఖపట్టణమునకును, మద్రాసునకును మనుష్యులను తెచ్చి దింపెను. 1982 నాటి చట్టము 1823కు ముందు బర్మాలో స్థిరపడిన జాతులకే సహజ పౌరసత్వమని చెప్పెను. కోరంగి ఓడలు ఆనాటికే తిరుగుచుండెను గాని, ఓడ దిగిన తాతకు రసీదు ఇచ్చినవారు లేరు. మోల్మేను పరిసరములలో మిగిలిపోయిన తెలుగు కుటుంబములకు ఈ చట్టమే కొలత.

విశాఖపట్టణమున కంచరపాలెము వద్ద, తిరిగివచ్చినవారికి చోటు చూపిన తావునకు బర్మా క్యాంపు అను పేరు నిలిచిపోయెను. ఓడ దిగినవారిలో రంగములో పుట్టి, అంతకు ముందెన్నడును తెలుగుదేశము చూడనివారును ఉండిరి. బర్మాలో వారు కొరంగీలు. ఇచ్చటికి వచ్చిన పిమ్మట ఇరుగుపొరుగువారు వారిని బర్మావాండ్లనిరి.