నీరు తిరగకుంటే తప్పు పంపుదేనా?

యూరప్ ఇళ్లలో చలికాలం వేడినీటితో గదులను వెచ్చబరిచే రేడియేటర్లు వేడెక్కకపోతే మొదటి అనుమానం ఆ నీటిని తిప్పే పంపు మీదే. ఈ ఏర్పాటు చరిత్ర మాత్రం వేరేచోట వెతకమంటుంది. 1777లో ఫ్రాన్స్‌లో బొన్‌మాఁ అనే ఆయన కోడిగుడ్లు పొదిగించడానికి వేడినీటిని గొట్టాల్లో తిప్పినప్పుడు అసలు పంపే లేదు. వేడి నీరు తేలికై పైకెక్కేది, చల్లారినది బరువెక్కి దిగేది. ఆ బలం ఎంతని? 80 డిగ్రీల నీటికీ 60 డిగ్రీల నీటికీ ఉన్న సాంద్రత తేడా, 5 మీటర్ల ఎత్తు మీద కూడా, సుమారు 6 సెంటీమీటర్ల ఎత్తు నీటి ఒత్తిడే ఇస్తుంది. అందుకే అప్పట్లో లావు గొట్టాలు వాడేవారు. 1928లో జర్మనీలో విల్‌హెల్మ్ ఓప్లెండర్ గొట్టం వంపులోనే మోటారుతో తిరిగే రెక్కలు అమర్చాక గొట్టాలు సన్నబడే వీలు కలిగింది. చిన్న అడ్డుకే నీరు ఆగే బలహీనతా ఆ సన్న గొట్టాలతోనే వచ్చింది.

పంపు బలం అడ్డును నెట్టేయదా అనవచ్చు. మామూలు ఇంటి పంపు కొన్ని మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి ఇస్తుంది, నిజమే. కానీ ఉక్కు రేడియేటర్లు తుప్పుపట్టి పుట్టే నల్లటి మాగ్నెటైట్ బురద పంపు లోపలికే చేరుతుంది. గాలి చేరితే రెక్కలు ఉత్తినే తిరుగుతాయి. వేసవంతా ఆగి రోటర్ బిగుసుకోవడం, కెపాసిటర్ పోవడం పంపు సొంత జబ్బులే, కాదనలేం. అయినా వాల్వులు చూసి, గాలి తీసి, గొట్టాలు కడిగించాకే పంపు మార్చాలి. లేకుంటే కొత్తదీ ఆ బురదలోనే తిరగాలి.