ఎడారి శిలలు, జలపాతము, గాజుపలక



పూర్వరాజుల చరిత్రకు శిలాశాసనములు సాక్ష్యము. మరి యొక నది చరిత్రకు సాక్ష్యమేది? అమెరికా పశ్చిమభాగమున, ఐడహో రాష్ట్రపు దక్షిణసీమలో మోటారుకారుపైనను, కాలినడకను చేసిన యాత్రలో నాకీ ప్రశ్నకు సమాధానము లభించినది.

మేము మొదట చూచినది సిటీ ఆఫ్ రాక్స్, అనగా శిలానగరము. అది వర్షము తక్కువైన మెట్టసీమ. కనుచూపుమేర బూడిదవన్నె పొదలు. వాని నడుమ గోపురములవలె లేచిన రాళ్లు. అందు రెండు శిఖరములకు కవల సోదరీమణులని పేరు. చూపునకు కవలలే గాని, ఒకదాని రాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు, రెండవదానిది సుమారు 3 కోట్లు మాత్రమే! 1843 మొదలు కాలిఫోర్నియాకు బండ్లపై తరలిన వేలాది జనులు ఈ దారిని పోయిరి. వారు బండియిరుసునకు పూయు కందెనతో తమ పేర్లను రాళ్లపై వ్రాసిరి. కొన్ని పేర్లు నేటికిని చదువవచ్చును.

అచ్చటినుండి వాయవ్యముగా పోగా, సమతలమైన నేల హఠాత్తుగా చీలి, నల్లరాతి లోయ యొకటి కానవచ్చును. అందు స్నేక్ నది పారుచున్నది. ఆ నదిపైనిదే షొషోనీ జలపాతము. ఎత్తు 212 అడుగులు, నయాగరాకంటెను ఎత్తైనది. ఆ ప్రాంతపు ఆదివాసుల పేరే దానికి వచ్చినది. సముద్రమునుండి ఎదురీదివచ్చు సాల్మన్ చేపలు ఈ గోడను దాటలేకపోయెడివి.

మేము పోయినది వేసవి చివర. విశాలమైన రాతిగోడపై కొన్ని నీటిధారలు మాత్రమే దిగుచుండెను. నేనొక ఛాయాచిత్రము తీసి, తిమోతీ ఓసల్లివన్ 1868లో అచ్చటనే తీసిన చిత్రముతో పోల్చి చూచితిని. ఆ చిత్రమున గోడ పొడవునను తెల్లని నీరే!

ఓసల్లివన్ 1863లో గెటిస్‌బర్గ్ రణభూమిని చిత్రించినవాడు. తరువాత క్లారెన్స్ కింగ్ అను భూశాస్త్రజ్ఞుని సర్వేదళముతో ఎడారులకు వచ్చెను. నాటి పని యెంత కష్టము! గాజుపలకపై కొలోడియన్ అను జిగురుద్రవము పూసి, వెండిలవణపు నీటిలో ముంచి, తడి ఆరకమునుపే చిత్రము తీసి, వెంటనే చీకటిలో కడుగవలెను. కంచరగాడిదలు లాగు బండియే ఆయన చీకటిగది. 1874లో ఆయన మరల వచ్చి ఈ జలపాతమును చిత్రించెను. 1882లో, నడివయస్సుననే, క్షయవ్యాధిచే మరణించెను.

1905లో జలపాతమునకు ఎగువను మిల్నర్ ఆనకట్ట పూర్తియైనది. కాలువలు సాగినవి, ముళ్లపొదల నేలలో ఉర్లగడ్డలు, చిక్కుళ్లు పండినవి. 1904లో పుట్టిన ట్విన్ ఫాల్స్ పట్టణము పెరిగినది. ఆ కాలువలు త్రవ్వినవారిని నేను నిందింపజాలను. ఎండిన నేలకు నీరు వచ్చుట యెట్టిదో కర్షకులైన మీకు నేను చెప్పనేల? కాని ఆ లాభమునకు చెల్లించిన వెల యిదిగో, ఈ ఎండిన రాతిగోడ. వేసవిలో అధికభాగము నీరు కాలువలకు పోవును. మంచు సమృద్ధిగా కురిసిన సంవత్సరములందు, అది కరగు వసంతమున మాత్రము నది తన పూర్వరూపమును దాల్చును.

నేడచ్చట పుట్టిన బాలుడు వేసవిలో ఆ సన్నని ధారలనే చూచి, జలపాతమెల్లప్పుడు నిట్టిదే యనుకొనును. ప్రతి తరమువారును తాము చూచినదే మొదటినుండి యున్నదని తలచుట సహజము. కాదని చెప్పునది ఆ పాత గాజుపలక. ఎంత పోయినదో తెలిసినగదా, ఎంత నిలుపుకొనవలెనో జనులు యోచింపగలరు!

పెద్దలారా! మీ యూరి చెరువు ఏ మెట్టువరకు నిండెడిదో, వాగు ఏ మాసమువరకు పారెడిదో మీరు చూచియున్నారు. దానిని పిల్లలకు చెప్పుడు, వ్రాయించుడు, వీలైన ఛాయాచిత్రము తీయించి తేదీ వేయించుడు. రేపు నీటిని గూర్చి నిర్ణయము చేయువారికి అదియే శాసనము.