బస్సులు లేని కార్తికము

హైదరాబాదు నగరమునకు ఆగ్నేయముగా, నాగార్జునసాగరు రహదారికిని బాలాపూరునకును నడుమ నొదిగియున్న మా నాదర్‌గుల్, చిన్న విమానములు నడుపుట నేర్పెడు మైదానమును, జనులు ఎం.వి.ఎస్.ఆర్. అని పిలిచెడు ఇంజనీరింగు కళాశాలయు తప్ప చిరకాలము వేరొక గుర్తు లేని యూరు. పొలములు ప్లాట్లయి, ప్లాట్లు కాలనీలయి, గ్రామపంచాయతి బడంగ్‌పేట పురపాలకములో కలిసిపోయిన పిమ్మట గూడ ఈ యూరి జీవితమునకు ప్రాణాధారము ఆర్.టి.సి. బస్సే. కూరగాయల గంపలతో దిల్‌సుఖ్‌నగరునకు పోవు స్త్రీలు, కోచింగు కేంద్రములకు పోవు విద్యార్థులు, కోఠిలోని దుకాణములలో పనిచేయువారు, అందరును ఆ బస్సు వచ్చు వేళలను బట్టియే దినచర్యను దిద్దుకొనుచుండిరి. అందుచే 2019వ సంవత్సరమున నగరమునకు ఐ.ఎస్.ఎల్. (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ జట్టు వచ్చిన నాటి కథను ఈ యూరివాడు చెప్పవలసివచ్చినచో, దానిని బంతితో గాక బస్సుతోనే ప్రారంభింపవలసి యున్నది.

ఫుట్‌బాల్ మాకు కొత్తది కాదు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు రోవర్స్ కప్పును గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును, ఆ జట్టును తీర్చిదిద్ది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారతదేశమును నాలుగవ స్థానమునకును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమునకును నడిపించిన సయ్యద్ అబ్దుల్ రహీమును, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖానుల ఆటను కన్నులార చూచిన వృద్ధులు సరూర్‌నగరు, మలక్‌పేట వైపు మొన్నమొన్నటివరకు కొందరుండిరి. వారి మాటలు విని పెరిగిన మావంటివారికి, ఫతేమైదానపు వైభవము పుస్తకములలోనికి పోయి, టెలివిజనులో యూరపు జట్ల ఆటలు చూచుటయే మిగిలిన కాలమున, 2019 ఆగస్టు 27న హైదరాబాదు ఎఫ్.సి. యను పేరు వినబడుట ఎంతటి సంతోషమును కలిగించెనో చెప్పజాలను. పూణె నగరపు జట్టు స్థానమున ఇది వచ్చినదన్న విషయమును గాని, కూర్పు తొందరలో జరిగినదన్న విషయమును గాని మేము పట్టించుకొనలేదు.

జట్టు తొలి యాటకు మూడు వారములు ముందు, దసరా పండుగ మూడుదినములలో నుండగా, అక్టోబరు 5న తెలంగాణ ఆర్.టి.సి. కార్మికులు సమ్మెకు దిగిరి. సుమారు 48 వేల మంది కార్మికులు, 26 కోరికలు. అందు ముఖ్యమైనది సంస్థను ప్రభుత్వములో విలీనము చేయుట. ఆ సాయంకాలము ఆరు గంటలలోపల విధులలో చేరనివారు తమకు తామే ఉద్యోగములు వదలుకొన్నట్లని ప్రభుత్వము ప్రకటించెను. సెప్టెంబరు జీతములు చేతికి రాలేదు. న్యాయస్థానములో వాదములు సాగుచుండెను. రాష్ట్రములో పలుచోట్ల కార్మికులు ప్రాణములు తీసికొన్న వార్తలు వచ్చుచుండెను. మా వీధిలో బతుకమ్మ ఆడిన ఆడపడుచులలో డ్రైవర్ల భార్యలు, కండక్టర్ల కూతుళ్ళు కలరు. ఆ యేడు వారిలో కొందరు క్రొత్త చీర కట్టకయే ఆడిరి. అక్టోబరు 30న సరూర్‌నగరు ఇండోరు స్టేడియములో సకల జనుల సమరభేరి యను పేర జరిగిన కార్మికుల సభకు మా ప్రాంతమునుండి నడచిపోయినవారు గలరు. ఒక క్రీడాప్రాంగణము నిండుట ఆ వారమున నేను మొదట చూచినది అక్కడనే, మన జట్టు సొంత మైదానమైన గచ్చిబౌలిలో గాదు.

అక్టోబరు 25న కలకత్తాలో మన జట్టు ఏ.టి.కే. చేతిలో అయిదు గోలులతో, 29న జంషెడ్‌పూరులో ఒకటికి మూడుగా ఓడెను. రెండాటలను ఇంటియొద్దనే చూచితిమి. నవంబరు 2, శనివారము, గచ్చిబౌలిలో కేరళ జట్టుతో తొలి సొంతగడ్డ ఆట. నగరమునకు ఈ కొసన మేము, ఆ కొసన ఆట. మామూలు దినములలో ఎల్.బి.నగరు వరకు బస్సు, అచ్చటినుండి మెట్రోలో అమీర్‌పేట, మరల రైలు మారి హైటెక్ సిటీ, అచ్చటినుండి ఆటో. రాయదుర్గము స్టేషను అప్పటికింకను తెరువలేదు. ఈ గొలుసులో మొదటి కడియమే తెగిపోయినది.

మధ్యాహ్నము మూడు గంటలకు ఊరి చౌరస్తాలో మేమైదుగురము నిలుచుంటిమి. తాత్కాలిక డ్రైవరు నడుపుచున్న బస్సొకటి గుర్రంగూడ వైపు పోవుచు ఆగెను. దానిలో చోటు కలదు. మాతో వచ్చిన కుర్రవాడు, కండక్టరు కొడుకు, ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచున్నవాడు, మెడలో పసుపు కండువా వేసికొని వచ్చినవాడు, మెట్టుమీద కాలు మోపలేదు. ఎందుకురా అని అడిగినచో, “మా నాయిన నెలనుంచి డిపో ముంగట కూసుంటున్నడు కాకా. నేను గీ బస్సు ఎట్ల ఎక్కుత?” అనెను. బస్సు పోయెను. మేమును ఎక్కలేదు. ఆ తరువాత వచ్చిన షేర్ ఆటోవాడు, “సాగర్ రింగు రోడ్డుదంక మనిషికి వంద, ఉంటె ఎక్కుండ్రి” అనెను. ఆ కుర్రవానికి నేను ఇచ్చెదనంటిని. వాడు తల అడ్డముగా త్రిప్పి, టీవీలో చూచెదనని ఇంటికి మరలిపోయెను. ఇంటిలో రెండవ నెల జీతము రాని దినములలో వందరూపాయలు ఎవరివైనను వందరూపాయలే యని వానికి తోచియుండును.

మెట్రోలో ఆ దినములలో నిలుచుటకైనను చోటు లేదు. బస్సులు లేని నగరమంతయు ఆ రైలుమీదనే పడియుండెను. ఏడున్నరకు ఆట మొదలగునప్పటికి చెమటతో తడిసి గద్దెలమీద కూలబడితిమి. మన జట్టు వన్నెయు పసుపే, కేరళవారి వన్నెయు పసుపే. ఎవ్వరు మనవారో అరుపులను బట్టి తెలిసికొనవలసి యుండెను. 34వ నిముషమున కేరళ యువకుడు కె.పి.రాహుల్ గోలు చేసెను. విరామమునకు తరువాత, 54వ నిముషమున మన స్టాంకోవిచ్ పెనాల్టీతో లెక్క సరిచేసెను. 81వ నిముషమున మార్సెలీనో ఫ్రీకిక్కు నేరుగా వలలో పడినప్పుడు, మా ముందు వరుసలోని ముసలాయన యొకడు లేచి నిలుచుండి, రెండు చేతులతోను తల పట్టుకొని, ఏడ్చెనో నవ్వెనో తెలియరాకుండ చాలసేపు అట్లే యుండిపోయెను. హైదరాబాదు 2, కేరళ 1. అది మా తొలి గెలుపు. ఎల్.బి.నగరు స్టేషను మెట్లు దిగునప్పటికి రాత్రి పదకొండు దాటినది; ఊరికి పోవుటకు ఆటో దొరకుటకు మరి గంట పట్టినది.

నాలుగు దినములకే, బుధవారమునాడు, నార్త్ఈస్టు జట్టుతో రెండవ యాట. పని దినము, బస్సు లేదు. మా వైపునుండి పోయినవారిని నేనెరుగను. అందు ఒక గోలుతో ఓడితిమి. సమ్మె ఏ యాటను ఆపలేదు, ఏ తేదీని మార్చలేదు. ఐనను సొంతగడ్డ ఆటలు తొమ్మిదింటిలో రెండు తూర్పు హైదరాబాదు శివారులవారికి లేనట్లే యయ్యెను. పట్టికలో అది కనబడదు. మా లెక్కలో ఆ సీజను సొంతగడ్డమీద ఏడాటలదే యని ఇక్కడి కుర్రవారు నేటికిని వాదింతురు, నేను వారితో ఏకీభవింతును.

నవంబరు 25న, 52వ దినమున, సంఘములు సమ్మె విరమించినట్లు ప్రకటించెను. ఆ రాత్రియే చెన్నైలో మన జట్టు చివరి నిముషములలో సమముచేసి, మరల ఓడిపోయెను. కార్తికము ముగిసినది. 28న ముఖ్యమంత్రి అనుమతింపగా, 29 తెల్లవారుజామున కార్మికులు డిపోలకు పోయిరి. అదే దినమున రాయదుర్గము మెట్రో స్టేషను తెరువబడెను. అదే రాత్రి గచ్చిబౌలిలో బెంగళూరుతో ఆట. ఒక్కదినమున మూడు ద్వారములు తెరచుకొన్న ఆ శుక్రవారమును మా వారు పండుగవలె చెప్పుకొందురు. ఆ కండక్టరు కొడుకు ఆనాడు బస్సెక్కెను, టిక్కెట్టు కొట్టిన కండక్టరుతో చేయి కలిపెను. రెండవ నిముషముననే బెంగళూరు ఆటగాడు ఛేత్రి గోలు చేసినను, అదనపు సమయములో రాబిన్ సింగ్ దానిని సరిచేసెను. గెలుపు కాదు, ఒకటి ఒకటి. ఐనను వాని మొదటి యాట.

తక్కిన కథ త్వరలో ముగియును. 18 ఆటలలో రెండు గెలుపులు, నాలుగు సమములు, 10 పాయింట్లు, కడపటి స్థానము. 2020 ఫిబ్రవరిలో గౌహతిలో 5–1 గెలుపు ఒక్కటే ఊరట. తరువాత మహమ్మారి వలన రెండు సీజనులు గోవాలోనే జరిగెను. కావున 2022 మార్చి 20న మన జట్టు అదే కేరళను, అదే రాహుల్ గోలు చేసిన పిమ్మటనే, గోల్‌కీపరు కట్టిమణి ఆపిన మూడు పెనాల్టీలతో ఓడించి విజేతయైనప్పుడు, ఆ విజయయాత్రలో ఒక్క యాటయైనను మా నగరమున జరిగి యుండలేదు. ఇక ఆనాడు కార్మికులు కోరిన ఆర్.టి.సి. విలీనపు బిల్లును శాసనసభ 2023 ఆగస్టులో ఆమోదించెను.

ఆ యేటి సీజనులోనే జట్టులో జీతముల సంక్షోభము వచ్చెను. విదేశీ ఆటగాండ్రు నడుమ వెడలిపోయిరి, క్రొత్తవారిని చేర్చుకొనుటకు ఫిఫా నిషేధము, కుర్రవారితో మైదానమున దిగుట, 22 ఆటలలో ఒకే గెలుపు, ఎనిమిది పాయింట్లు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి వేరు పేరు ధరించెను. ఓటములు వరుసకట్టిన ఆ దినములలో చౌరస్తా హోటలులో కొందరు ఆటగాండ్రను తిట్టుచుండగా, ఇప్పుడు ఉద్యోగస్థుడైన ఆ కండక్టరు కొడుకు టీ గ్లాసు క్రింద పెట్టి, “జీతం లేకుంట ఆడుతున్నరు వాళ్లు. ముందుగాల అది అడుగుండ్రి” అనెను. ఎవ్వరును మారు మాటాడలేదు. ఆ సీజనులో మా వైపునుండి గచ్చిబౌలికి పోయి, ఓడిపోవు జట్టును చివరి నిముషము వరకు చూచి వచ్చినవారు కొద్దిమందియే. వారిలో ఎక్కువమంది ఆర్.టి.సి. ఇండ్లవారే.