ఏటి అవతలి భార్య

పామర్రు సెంటర్లో చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే కొద్ది మైళ్లలోనే కూచిపూడి వస్తుంది. మరికాస్త ముందుకు పోతే క్షేత్రయ్య మొవ్వ. పక్కపక్క ఊళ్లలో ఇద్దరు మహానుభావులు శృంగారాన్నే భక్తిమార్గం చేసుకున్నారు. వారిలో కూచిపూడి సిద్ధేంద్రుడు సన్న్యాసి. సంసారం ఎరగని యతి నోట భార్య విరహం అంత నిండుగా ఎలా పలికింది?

పదిహేడో శతాబ్దపు వాడిగా ఎంచే సిద్ధేంద్రుడి గురించి కూచిపూడి ఇళ్లలో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. ఆయనకు చిన్ననాడే పెళ్లయింది. ఆనాటి ఆచారం ప్రకారం పిల్ల పుట్టింట్లోనే ఉంది. ఈడొచ్చాక భార్య కోసం అత్తవారింటికి బయల్దేరి కృష్ణ దాటుతుండగా వరద ముంచుకొచ్చింది. ప్రాణం మీద ఆశ వదులుకున్న ఆ ఘడియలో, గట్టెక్కితే ఈ జన్మ కృష్ణుడిదేనని సంకల్పించి సన్న్యసించాడు. గట్టెక్కాడు. భర్తగా మాత్రం కాదు.

శాస్త్రం దీన్ని ఆతుర సన్న్యాసం అంటుంది. మామూలుగా సన్న్యాసానికి శ్రాద్ధం, విరజాహోమం వంటి తంతు ఉంది. ఆపదలో ఉన్నవాడు మనసుతోనో మాటతోనో సన్న్యసించవచ్చని జాబాలోపనిషత్తు దారి ఇచ్చింది. నారాయణతీర్థుల గురించీ ఇలాంటి ఏటి కథే చెబుతారు. శంకరుల కథలో వరదకు బదులు మొసలి. ఒకే కథ ముగ్గురికీ అంటింది కనుక కల్పన అని తోసెయ్యడం తేలిక. నేను తోసెయ్యలేను. పెళ్లయిన యువకుడు కాపురం పెట్టకుండానే కాషాయం కడితే లోకం ఊరుకోదు. చావు ఎదుట నిలబడ్డవాణ్ని మాత్రం తప్పుపట్టదు. కథ ఆ ఇబ్బందిని దాచకుండా చెబుతోంది.

సిద్ధేంద్రుడు భర్తగానే అవతలి ఒడ్డు చేరినా ధర్మం తప్పినట్టు కాదు. నిషిద్ధ రాత్రులు విడిచి భార్యను చేరేవాడు ఏ ఆశ్రమంలో ఉన్నా బ్రహ్మచారే అని మనుస్మృతి అంటుంది. ప్రశ్నోపనిషత్తుకు రాత్రి వేళ దాంపత్యమూ బ్రహ్మచర్యమే.

ఆ దారి వదులుకున్న యతి రాసిన భామాకలాపంలో నాయిక స్వకీయ, తాళి కట్టించుకున్న సత్యభామ. చైతన్య సంప్రదాయం పరకీయా భావాన్ని శిఖరం మీద కూర్చోబెట్టింది. క్షేత్రయ్య పదాల్లో రకరకాల నాయికలు. సిద్ధేంద్రుడు మాత్రం మొగుడితో కలహించి, ఎడబాటుకు తాళలేక కుమిలే ఇల్లాలిని ఎంచుకున్నాడు. నా దృష్టిలో ఇది యాదృచ్ఛికం కాదు. తాను దాటి వచ్చేసిన కాపురం అందులో ఉంది.

రంగం మీద ముందు భామ కనిపించదు. పట్టుకున్న తెర మీదుగా ఒక జడ వచ్చి ఇవతల పడుతుంది. సూర్యుడు, చంద్రుడు, నాగరం పొదిగిన ఆ జడే ఆమె గర్వం, ఆమె సవాలు. తెర తొలగాక సూత్రధారుడే చెలికత్తె మాధవి అయి, నీ మగడి పేరేమిటని అడుగుతాడు. సత్యభామ సిగ్గుపడుతుంది, తిప్పి తిప్పి చెబుతుంది. మన అమ్మమ్మలు జనాభా లెక్కలవాళ్ల ముందు పడ్డ తంటా అదే. చూసేవాళ్లు నవ్వుతారు. నాకు మాత్రం అక్కడే కృష్ణ ఒడ్డున ఎదురుచూసిన ఆ పిల్ల గుర్తొస్తుంది. కథలో ఆమెకు పేరు లేదు.

గోల్కొండ తానీషా (1672–87) కూచిపూడిని అక్కడి నాట్యకారులైన భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. ఆ భాగవతుల ఇళ్లలో ప్రతి మగపిల్లవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రుడు మాట తీసుకున్నాడంటారు. గమనించవలసింది, ఆయన కళను మోసినవాళ్లు యతులు కారు, సంసారులు. 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగానే దేశమంతటికీ తెలిశారు. ఊళ్లో రాత్రంతా భర్త కోసం అలమటించిన భామ, తెల్లారాక జడ విప్పి, పంచె కట్టుకుని, పెళ్లాం పిల్లలున్న ఇంటికి నడిచి వెళ్లేవాడు.